లక్ష్మీబాయి తిలక్ ‘స్మృతిచిత్రే’: విశ్వాసము, ధైర్యము, దృష్టి

మతగ్రంథమునందలి విశ్వాసము సాహిత్యమునకు వస్తువైనప్పుడు విమర్శకునకు రెండు చిక్కులు ఎదురగును. ఆ విశ్వాసము తనదైనచో అతడు పుస్తకమును గాక తన విశ్వాసమునే మెచ్చుకొనుచుండును. తనది కానిచో రచయిత చెప్పిన ప్రతి మాటలోను ప్రచారమును వెదకుచుండును. ఈ రెండు దారులలోను పుస్తకము చదువబడదు. మన దేశభాషలలో క్రైస్తవ గ్రంథము నాధారముగా చేసికొని వెలసిన రచనలు తక్కువ కావు. వానిని గూర్చిన విమర్శ మాత్రము చిరకాలముగా ఈ రెండు దారులలోనే నడచినది. సంఘములోని వారు అవి భక్తిగ్రంథములనిరి. వెలుపలి వారు మిషనరీ సాహిత్యమనిరి. రెండు మాటల ఫలితము నొక్కటే. వానిని సాహిత్యముగా పరీక్షించు పని వాయిదా పడినది.

ఆ రచనల చరిత్ర చిన్నది కాదు. గోవాలో స్థిరపడిన ఆంగ్లేయ జెసూట్ సన్యాసి థామస్ స్టీఫెన్స్ 1616లో ‘క్రిస్తపురాణము’ను మరాఠీ ఓవీ ఛందస్సులో ప్రకటించెను. తమిళమున వీరమామునివర్ అను పేర ప్రసిద్ధుడైన ఇటలీ దేశీయుడు బెస్కి పదునెనిమిదవ శతాబ్దిలో ‘తేంబావణి’ కావ్యమును రచించెను. ఆ తమిళముననే, తిరునెల్వేలి ప్రాంతపు వైష్ణవ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన హెచ్. ఏ. కృష్ణపిళ్ళై, బన్యన్ యాత్రికుని కథను గ్రహించి ‘రక్షణ్య యాత్రికము’ను 1894లో వెలువరించెను. మన తెలుగున పురుషోత్తమ చౌదరి పందొమ్మిదవ శతాబ్దిలో రచించిన కీర్తనలు నేటికిని సంఘములలో పాడబడుచున్నవి. గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది.

ఇవి యన్నియు పద్యమార్గమునను గేయమార్గమునను నడచినవి. వచనమున, అందును ఆత్మకథారూపమున, పాఠశాల ముఖము చూడని ఒక గృహిణి వ్రాసి, ఒక భాషలోని ఉత్తమ వచనగ్రంథముల పంక్తిలో నిలిపిన రచన యొకటి కలదు. అది లక్ష్మీబాయి తిలక్ మరాఠీలో వ్రాసిన ‘స్మృతిచిత్రే’. 1934 నుండి భాగములుగా వెలువడి, 1936లో ఆమె మరణించిన తరువాత పూర్తియైనది. 1950లో జోసెఫిన్ ఇంక్‌స్టర్, 2017లో శాంతా గోఖలే దీనిని ఆంగ్లమున అనువదించిరి. మహారాష్ట్రమున ఈ పుస్తకమును క్రైస్తవ పుస్తకమని చదువువారు అరుదు. మంచి పుస్తకమని చదువువారే ఎక్కువ. అందుచేతనే, గ్రంథవిశ్వాసము రచయితకు ఏమి ఇయ్యగలదు, ఏమి ఇయ్యలేదు అను ప్రశ్నను పరీక్షించుటకు ఇంతకంటె తగిన పుస్తకము దొరకదు.

కథ తెలియనివారికై కొంత చెప్పవలెను. లక్ష్మీబాయి 1868లో నాసిక్ ప్రాంతమున ఆచారపరులగు బ్రాహ్మణుల ఇంట జన్మించెను. పదునొకండేండ్ల ప్రాయమున ఆమెకు నారాయణ వామన తిలక్‌తో వివాహమైనది. తిలక్ 1861లో రత్నగిరి జిల్లాలో పుట్టినవాడు. సంస్కృతమున గట్టి ప్రవేశము గలవాడు. తరువాతి కాలమున పూవులకును పసిపిల్లలకును కవియని మరాఠీవారు ముద్దుగా చెప్పుకొన్నవాడు. ఒక చోట నిలుకడ లేనివాడు, చేతికి వచ్చిన డబ్బును నిలుపలేనివాడు, కోపమును దాచలేనివాడు. 1893లో అతడు నాగపురము నుండి రాజనందగామునకు రైలులో పోవుచుండగా తోడి ప్రయాణికుడొకడు అతని చేతికి క్రొత్త నిబంధన నొకదాని నిచ్చెను. ఇచ్చిన మాట కొరకు తిలక్ దానిని చదువ మొదలిడి కొండమీది ప్రసంగము కడ ఆగిపోయెను. ఆ మాటలను విడిచి ముందునకు పోవుట అతనికి సాధ్యము కాలేదు. 1895 ఫిబ్రవరిలో బొంబాయిలో అతడు బాప్తిస్మము పొందెను. ఆ సంగతి ముందుగా భార్యకు చెప్పలేదు.

ఈ ఘట్టమును చరిత్రకారులు సాధారణముగా ధైర్యమునకు దృష్టాంతముగా చూపుదురు. అది నిజమే. ఆ కాలమున ఒక చిత్పావన బ్రాహ్మణుడు క్రైస్తవుడగుట యనగా బ్రదికియుండగనే చచ్చినవాడగుట. బంధువులు, మిత్రులు, జీవనోపాధి, కవిగా అప్పుడప్పుడే వచ్చుచున్న గౌరవము, అన్నియు ఒక్కనాటితో పోవును. తిలక్ ఆ నష్టమును తెలిసియే స్వీకరించెను. సువార్తలలో తండ్రిని, తల్లిని, భార్యను విడిచియైనను వెంబడింపుమను కఠినమైన పిలుపు కలదు. ఆ పిలుపు అతనికి ధైర్యము నిచ్చినది.

కాని ‘స్మృతిచిత్రే’ ఈ ఘట్టమును ఆ వైపు నుండి చెప్పదు. విడిచిపోయిన వాని వైపు నుండి గాక, విడువబడిన యామె వైపు నుండి చెప్పును. పుస్తకములోని నైతిక ప్రశ్న యంతయు ఇచ్చటనే మొలకెత్తినది. ఒకని ధైర్యమునకు మూల్యమును మరియొకరు చెల్లించినప్పుడు దానిని ధైర్యమని పిలుచుట ఎంతవరకు న్యాయము? భర్త బ్రదికియున్నాడు, కాని లోకము దృష్టిలో ఆమె సుమంగళియు కాదు, విధవయు కాదు. చేతిలో పసివాడైన కుమారుడు దత్తు. సుమారు ఐదేండ్ల కాలము ఆమె బంధువుల ఇండ్లలో గడపవలసి వచ్చినది. వారు ఆమెను ప్రేమించిరి, కనిపెట్టిరి, కాపాడిరి. ఆ కాపుదలయే కొన్ని వేళల ఊపిరి సలుపనీయని కట్టడియైనది. తిలక్ వ్రాయు ఉత్తరములలో ప్రేమయు కలదు, తొందరయు కలదు. ఆమె నెప్పుడు చూతునా యని అతడు ఆరాటపడును. ఆమె ఏల రాలేకున్నదో పూర్తిగా గ్రహింపడు.

లక్ష్మీబాయి ఈ నేరమును భర్తపై మోపదు, తొలగింపను తొలగింపదు. జరిగినది జరిగినట్లు చెప్పి ఊరకుండును. ఆ ఊరకుండుటలో క్షమయు కలదు, సాక్ష్యమును కలదు. మతాంతరీకరణమును గూర్చిన సంఘసాహిత్యము ప్రాయికముగా వెలుగులోనికి వచ్చిన క్షణమున ముగియును. ఈ పుస్తకము ఆ క్షణము వలన చీకటిలో పడిన ఇంటిని చూపును. విశ్వాసము గల రచయిత్రి తన విశ్వాసమునకు మూలమైన సంఘటననే ఇంత నిర్మొహమాటముగా వ్రాయగలుగుట సామాన్యమైన విషయము కాదు. నా దృష్టిలో ఈ గ్రంథములోని మొదటి ధైర్యమిది. ఇది బాప్తిస్మము పొందిన ధైర్యము కాదు, కలము పట్టిన ధైర్యము.

ఇక రెండవది. పుస్తకపు ఆరంభమును ఒకసారి గమనింపవలెను. లక్ష్మీబాయి తన కథను తన పుట్టుకతో మొదలిడదు. 1857 నాటి తిరుగుబాటు తరువాత ఉరిదీయబడిన మాతామహునితో మొదలిడును. మామగారి ఆ చావు ఆమె తండ్రిని లోలోపల విరిచివేసినది. నాటి నుండి అతడు మడి యనెడి కోటను కట్టుకొని అందులో తలదాచుకొనెను. ఇంటిలోనికి వచ్చు ప్రతి వస్తువును, ధాన్యము మొదలు ఉప్పు వరకు, కడుగవలసినదే. ఆ కడుగుడు చాకిరి ఇంటి ఆడువారిది. ఇంటిలోని వారి చిన్ననాడంతయు ఆ నీటిలోనే నానినది.

మన తెలుగు ఇండ్లలో మడి, ఆచారము అను మాటలు ఎరుగనివారు లేరు. కనుక ఈ ఘట్టమును చదువునప్పుడు మనకు మొదట నవ్వు వచ్చును. ఆ నవ్వు రచయిత్రి కోరినదే. కాని నవ్విన పిదప ఒక సంగతి తట్టును. ఆమె ఆచారమును అజ్ఞానముగా చూపలేదు, భయముగా చూపినది. లోకము ఒక్క దినమున కూలిపోవుట చూచినవాడు తన చేతికి అందిన కొలది వస్తువులనైనను పరిశుద్ధముగా ఉంచుకొనదలచెను. తండ్రిని ఇట్లు గ్రహించుట చేత ఆమె ఆచారమును ద్వేషింపదు, జాలిపడును. ఇది సంస్కర్త దృష్టి కాదు, అంతకంటె లోతైనది. భయము నుండి పుట్టినదానిని వాదము తీసివేయలేదు. మరియొక విధమైన అభయము కావలెను. పుస్తకములోని తక్కిన కథ యంతయు ఆ అభయము ఆమెకు ఎట్లు కలిగినదో చెప్పును.

అది ఒక్క గడియలో కలుగలేదు. భర్త వద్దకు మరల వచ్చునప్పుడు ఆమె క్రైస్తవురాలై రాలేదు. తన మడిని తాను నిలుపుకొనుచునే వచ్చినది. ఒకే సంసారమున రెండు ఆచారములు, రెండు లోకములు. క్రమముగా, వాదములచేత గాక, దినదినమును చూచుచున్న మనుష్యులచేత, ఆమె లోపల ఒక ప్రశ్న పెరిగినది: ఈ కులభేదమును దేవుడు చేసెనా, మనుష్యుడు చేసెనా? మనుష్యుడే చేసెనని తనంత తాను నిశ్చయించుకొన్న నాడు ఆమె ఎవరిచేతి అన్నమైనను నీళ్ళైనను పుచ్చుకొనుటకు సిద్ధపడినది. ఆ నిశ్చయము ముందు, బాప్తిస్మము తరువాత. 1900లో కుమారునితో గూడ ఆమె క్రైస్తవ సంఘమున చేరెను.

ఈ క్రమమును విమర్శకుడు జాగ్రత్తగా గమనింపవలెను. సామాన్యముగా మతాంతరీకరణ కథలలో సిద్ధాంతము ముందు వచ్చును, ప్రవర్తన దానిని వెంబడించును. ఇచ్చట అంటు పోయిన తరువాతనే దేవుడు కనబడినాడు. ఇది క్రైస్తవ గ్రంథమునకు విరుద్ధమైన క్రమమని తోచవచ్చును. కాని విరుద్ధము కాదు. అపొస్తలుల కార్యములలో పేతురునకు కలిగిన దర్శనమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆకలిగొని మిద్దెమీద ఉన్న వానికి ఆకాశము నుండి ఒక దుప్పటి దిగివచ్చును. అందులో తన ధర్మము నిషేధించిన జంతువులన్నియు ఉండును. తినుమను ఆజ్ఞ వినబడును. అపవిత్రమైనవి తిననని అతడు మొరాయించును. ఆ దర్శనమునకు అర్థమేమో అతనికి వెంటనే తెలియదు. అన్యజాతి వాని గడప త్రొక్కి, అతని ఇంట నిలిచిన తరువాతనే, అది ఆహారమును గూర్చిన మాట కాదనియు, ఏ మనుష్యుని అపవిత్రుడని పిలువరాదను మాటయనియు అతడు గ్రహించును.

క్రైస్తవ గ్రంథమున దర్శనమనగా ఈ విధమైనది. ఆకాశమున కనబడు అద్భుతము కాదు. ఎదుట నున్న మనిషిని మొదటిసారి మనిషిగా చూచుట. మార్కు సువార్తలో ఒక గ్రుడ్డివాని కథ కలదు. స్వస్థత పొందిన మొదటి క్షణమున వానికి మనుష్యులు నడచు చెట్లవలె మసకగా కనబడుదురు. మరల చేయి ఉంచిన పిదపనే స్పష్టముగా కనబడుదురు. చూపు రెండు మెట్లలో వచ్చినదని చెప్పుటకు సువార్తికుడు సంకోచింపలేదు. ‘స్మృతిచిత్రే’ అంతయు ఆ రెండు మెట్ల నడుమ నడచిన కథ. భర్తకు చూపు రైలుబండిలో పుస్తకముగా వచ్చినది. భార్యకు వంటయింటిలో, నీళ్ళబిందె ప్రక్కన, ఏండ్ల తరబడి వచ్చినది. ఏది గొప్పదని అడుగుట వ్యర్థము. కాని ఏది వ్రాయుట కష్టమని అడిగినచో సమాధానము స్పష్టము. క్షణమున జరిగినది చెప్పుటకు ఉద్రేకము చాలును. ఏండ్లుగా జరిగినది చెప్పుటకు సత్యము కావలెను.

ఈ గ్రంథమున బైబిలు వాక్యములు ఎన్ని కలవని లెక్కించువానికి నిరాశయే కలుగును. రచయిత్రి ఉపన్యసింపదు, వాక్యమును ఎత్తి చూపి తన జీవితమును దాని క్రింద వ్యాఖ్యగా వ్రాయదు. అయినను సువార్త ఇందులో లేదని చెప్పుట పొరపాటు. ఇందులో అది ఉప్పువలె ఉన్నది. రుచి తెలియును గాని కంటికి కనబడదు. కొండమీది ప్రసంగమున శిష్యులను ఉప్పుతో పోల్చుట కలదు. ఉప్పునుసైతము కడిగిన ఇంటి నుండి వచ్చిన స్త్రీ ఆ పోలికను ఎట్లు చదివియుండునో మనము ఊహించుకొనవచ్చును.

ఆమె చూపు ఎచ్చట పనిచేయునో చూడవలెనన్న మూడు తావులను చూడవలెను. మొదటిది హాస్యము. లక్ష్మీబాయి ఎవరిని చూచి నవ్వినను ముందుగా తన్ను తాను చూచి నవ్వుకొనును. తన అమాయకత్వమును, తన మూఢనమ్మకములను, తన పంతములను ఆమె దాచుకొనదు. క్రైస్తవురాలైన తరువాత పూర్వజీవితమును చీకటిగా చిత్రించుట పరిపాటి. ఈమె ఆ పని చేయలేదు. పూర్వపు ఇల్లును ఆ ఇంటివారును ఈమె వచనమున వెచ్చగానే ఉన్నారు. వెలుగును పెద్దది చేయుటకు చీకటిని నల్లగా పూయవలసిన అవసరము ఆమెకు కలుగలేదు. ఇంతకంటె గట్టి విశ్వాసమునకు గుర్తు వేరొకటి ఏమి కావలెను?

రెండవది తిలక్ చిత్రణము. భర్తను పూజించు భార్య వ్రాసిన జీవితచరిత్రలు మన భాషలలో పెక్కు కలవు; అవి చదివిన పిదప మనకు విగ్రహము మిగులును గాని మనిషి మిగులడు. ఇందులో తిలక్ సజీవుడు. ఇంటిలో గింజ లేనప్పుడు ఉన్నదానిని పరులకిచ్చి వచ్చువాడు. కవిత తలకెక్కినప్పుడు లోకము మరచువాడు. భార్యపై మండిపడి మరునిమిషమున పశ్చాత్తాపపడువాడు. అతని మహత్త్వమును ఆమె నమ్మినది. ఆ మహత్త్వముతో కాపురము చేయుట ఎంత కష్టమో అదియు చెప్పినది. భక్తియు వివేకమును ఒక్క వాక్యమున కలిసియుండగలవని ఈ పుటలు నిరూపించుచున్నవి.

మూడవది ఆమె ఇంటి గడప. మడి విడిచిన పిదప ఆ ఇల్లు ఎందరికో ఇల్లైనది. దిక్కులేని పిల్లలను చేరదీసి పెంచినారు. ప్లేగు చెలరేగిన రోజులలో, పలువురు ఇండ్లు విడిచి పారిపోవుచుండగా, ఆమె రోగుల సేవకు పూనుకొన్నది. బాలకవి యని మరాఠీలో ప్రసిద్ధుడైన త్ర్యంబక బాపూజీ ఠోంబరే, 1918లో పిన్నవయసుననే మరణించిన ఆ ప్రకృతికవి, కొంతకాలము ఈ ఇంటనే తల్లి లాలనను చవిచూచెను. ఈ సంగతులను ఆమె పుణ్యకార్యములుగా చెప్పదు, ఇంటిపనులుగా చెప్పును. ఆమె ధైర్యమునకు ధైర్యమను పేరు పెట్టుకొనలేదు. పూర్వము ఎవరిని తాకిన మైల యగునని భయపడెనో వారి శరీరములనే ఆమె చేతులు కడిగినవి. ఉప్పును కడిగిన నీరే, పాత్ర మారి, రోగిని కడిగినది. తండ్రి ఇంటి భయము కూతురి ఇంట సేవగా మారిన ఈ పరిణామమే పుస్తకమునకు లోపలి కథ.

ఇచ్చట ‘క్రిస్తాయన్’ను ప్రస్తావింపక తప్పదు. క్రీస్తు చరిత్రను మరాఠీ ప్రజల నోట నిలుచు మహాకావ్యముగా చేయవలెనని తిలక్ సంకల్పించి ఓవీ ఛందస్సున ఆరంభించెను. సుమారు పది అధ్యాయములు మాత్రము సాగినవి. 1919లో అతడు మరణించెను. మిగిలిన అరువదికి పైగా అధ్యాయములను లక్ష్మీబాయి పూర్తిచేసినది. పాఠశాల చదువు లేని స్త్రీ, భర్త నేర్పిన అక్షరములతో భర్త విడిచిన కావ్యమును పూరించుట సాహిత్యచరిత్రలో చెప్పుకొనదగిన సాహసము. ఓవీ మన ద్విపదవలె పాడుకొనుటకు అనువైన దేశీయ ఛందస్సు. జ్ఞానేశ్వరుడు 1290 ప్రాంతమున గీతకు వ్యాఖ్యానమును వ్రాసినది ఈ ఛందస్సుననే. స్టీఫెన్స్ తన పురాణమునకు ఎన్నుకొన్నదియు దీనినే. తుకారాముని వంతెన మీదుగా తాను క్రీస్తు కడకు నడచివచ్చితినని తిలక్ భావించెడివాడు. బాప్తిస్మము పొందినవాడు తన భాష నుండి వెడలిపోయినవాడు కాడని ఇంతకంటె చక్కగా చెప్పుట కష్టము. కనుక ఈ సాహిత్యమును విదేశీయమని త్రోసివేయువారు ముందుగా దాని ఛందస్సును విని చూడవలెను.

అయినను ఒక మాట చెప్పవలసియున్నది. సాహిత్యముగా తూచినప్పుడు ‘క్రిస్తాయన్’ కంటె ‘స్మృతిచిత్రే’ యే బరువు తూగును. కారణము భక్తిలోపము కాదు. సువార్తకథను తిరిగి చెప్పు కవికి కథ ముందే ఈయబడినది. పవిత్రమైనది గనుక కదల్చుటకు చేయి రాదు. శ్రద్ధ పెరిగిన కొలది స్వేచ్ఛ తగ్గును. మన రామాయణకవులకు కూడ ఈ చిక్కు కలదు. వారు దానిని దాటినది తమ కాలపు ఇంటిని, ఊరును, కన్నీటిని ఆ కథలోనికి తెచ్చినప్పుడే. లక్ష్మీబాయి తన సొంత కథను చెప్పినప్పుడు ఆ స్వేచ్ఛ ఆమెకు సహజముగా లభించినది. విశ్వాసమును వస్తువుగా గ్రహించిన కావ్యము ఆమె విధి. విశ్వాసమును చూపుగా గ్రహించిన వచనము ఆమె సిద్ధి. ఈ భేదము ఒక్క క్రైస్తవ సాహిత్యమునకే గాక భక్తిసాహిత్యమున కంతటికిని వర్తించునని నా అభిప్రాయము.

ఇదే మరాఠీ నేలమీద, ఇదే కాలమున, ఇదే గ్రంథము మరియొక స్త్రీకి మరియొక విధమైన ధైర్యము నిచ్చినది. పండిత రమాబాయి 1858లో జన్మించి, తండ్రి వద్దను తల్లి వద్దను సంస్కృతము నేర్చి, కరవులో తల్లిదండ్రులను పోగొట్టుకొని, దేశమంతయు కాలినడకను తిరిగి, 1878లో కలకత్తా పండితులచేత సరస్వతి యని కొనియాడబడెను. 1883లో ఇంగ్లండున ఆమె క్రైస్తవురాలైనది. అంతటితో ఆమె వాదము ఆగలేదు. తన్ను ఆదరించిన ఆంగ్లికన్ సన్యాసినులతోను పెద్దలతోను, నా మనస్సాక్షిని ఒక పురోహితవర్గము నుండి విడిపించి మరియొక వర్గమునకు అప్పగింపజాలనని అర్థము వచ్చునట్లు ఉత్తరములలో పోరాడినది. జీవితపు చివరి ఏండ్లలో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, సామాన్య స్త్రీలకు తెలియు మరాఠీలో బైబిలు నంతటిని అనువదించినది. 1922లో ఆమె మరణించెను. 1924లో ఆ అనువాదము ఆమె స్థాపించిన ముక్తి సంస్థనుండి వెలువడినది.

రమాబాయి ధైర్యము పండితురాలి ధైర్యము. గ్రంథమును చదువు అధికారమును ఎవరి చేతిలోను ఉంచక తన చేతికి తీసికొన్నది. తరువాత దానిని చదువురాని స్త్రీల చేతికి అందించినది. లక్ష్మీబాయి ఆ చదువురాని స్త్రీలలో ఒకతె వంటిది. ఒకతె గ్రంథమును భాషలోనికి తెచ్చినది. ఒకతె బ్రదుకులోనికి తెచ్చినది. ఇరువురి దారులును కలియుచోటు ఒకటి కలదు. గ్రంథమును నమ్ముటయనగా గ్రంథమును చేతబట్టినవారినందరిని నమ్ముట కాదని ఇద్దరును ఎరుగుదురు. తిలక్ కూడ ఆ సంగతి ఎరిగినవాడే. 1917లో అతడు మిషను కొలువును విడిచి, సన్యాసివలె బ్రదుకుచు, ‘దేవుని దర్బారు’ను స్థాపించెను. శాఖాభేదములను మించిన భారతీయ క్రైస్తవ సోదరత్వమును అతడు కలగన్నాడు. విశ్వాసము వారిని విధేయులను మాత్రమే చేసెనని తలచువారు ఈ ముగ్గురి జీవితములను ఒకచోట చదువవలెను.

‘స్మృతిచిత్రే’లో లోపములు లేకపోలేదు. కాలక్రమము ఒక్కొక్కచోట సడలిపోవును. ఒక జ్ఞాపకము మరియొక జ్ఞాపకమును లాగుకొనివచ్చును. ఏ సంఘటన ఏ ఏట జరిగినదో పాఠకుడు తానే కూర్చుకొనవలెను. దేశమున నాడు చెలరేగుచున్న రాజకీయము ఈ ఇంటి గోడలను దాటి లోనికి వచ్చుట అరుదు. ఇవి చిన్న లోపములు. పెద్దది ఒకటి కలదు. కులభేదము మానవకల్పితమను నిశ్చయము వరకు ఆమె మనస్సును మనము అడుగడుగున అనుసరింపగలము. అచ్చట నుండి క్రీస్తునందలి విశ్వాసమునకు ఆమె దాటిన ఆ చివరి అడుగు మనకు సరిగా కనబడదు. భర్త ప్రేమ ఎంత, గ్రంథము ఎంత, ఒంటరితనము ఎంత, ఇతరుల మంచితనము ఎంత అను లెక్క పుస్తకము చెప్పదు. అగస్టీను వంటి వారి ఆత్మకథలలో ఆ అడుగే గ్రంథమునకు కేంద్రము. ఇచ్చట కేంద్రమున ఒక మౌనము ఉన్నది.

ఈ మౌనమును లోపమనవలెనా? నేను చాలసేపు లోపమనియే తలచితిని. మరల చదివిన పిదప అట్లు తోచలేదు. ప్రార్థనను వీధిలో నిలిచి చేయవద్దనియు, గదిలోనికి పోయి తలుపు వేసికొని చేయుమనియు కొండమీది ప్రసంగము బోధించును. భర్తను ఆపివేసిన ఆ ప్రసంగమునే భార్య పాటించినట్లున్నది. తలుపు వెనుక జరిగినది ఆమె చెప్పలేదు. తలుపు తెరచి వెలుపలికి వచ్చిన పిదప చేసినది మాత్రము చెప్పినది. ఫలమును చూపి వృక్షమును గుర్తింపుమన్నది. అయినను ఆ అడుగును తెలిసికొనగోరు పాఠకుని కోరిక అన్యాయమైనది కాదు. ఆ కోరిక తీరకనే పుస్తకము ముగియునను సంగతిని విమర్శకుడు దాచరాదు.

తెలుగు పాఠకులకు ఈ పుస్తకముతో పని యేమని ఎవరైనను అడుగవచ్చును. పని కలదు. జాషువను హిందువులు క్రైస్తవుడని దూరముంచిరి. హిందూ వస్తువులను గ్రహించి కావ్యములు వ్రాయుచున్నాడని క్రైస్తవులు ఆక్షేపించిరి. ఆ రెండు గెంటివేతల నడుమ నిలిచి అతడు 1941లో ‘గబ్బిలము’ను వెలువరించెను. అందులో అస్పృశ్యుడు తన మొరను కాశీ విశ్వనాథునికి పంపును; దేవాలయములోనికి మనిషికి ప్రవేశము లేనిచోట గబ్బిలమునకు కలదు. ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసిన చేయియు, ‘గబ్బిలము’ వ్రాసిన చేయియు ఒక్కటియే. మడి లోపల నుండి వెలుపలికి వచ్చిన లక్ష్మీబాయిని, మడి వెలుపల నిలుపబడిన జాషువను ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడు ఒకే గోడ రెండు వైపుల నుండి కనబడును. ఆమెకు విశ్వాసము గోడను దాటుటకు ధైర్యమైనది. అతనికి గోడ ఉన్నదని గట్టిగా చెప్పుటకు ధైర్యమైనది. రెండవది మరింత కష్టమైనది. దాటినవారిని లోకము కొంతకాలమునకు మెచ్చుకొనును. ఉన్నదని చెప్పినవానిని మాత్రము అంత తొందరగా క్షమింపదు.

జాషువ తన బ్రదుకును ‘నా కథ’ యను పేర పద్యములలో చెప్పుకొనెను. కాని మన తెలుగు క్రైస్తవ గృహముల లోపలి చరిత్ర, అందును స్త్రీలు చూచిన చరిత్ర, లక్ష్మీబాయి వచనము వంటి వచనమున ఇంకను చాలవరకు వ్రాయబడవలసియే యున్నది. పల్లెలలో సువార్తను విన్న మొదటి తరము తల్లులు ఏమి విడిచిరి, ఏమి నిలుపుకొనిరి, ఏ మాట వారికి తలయెత్తు ధైర్యము నిచ్చెను అను సంగతులు కుటుంబముల నోట మాత్రమే ఉన్నవి. నోటిలోని చరిత్రకు ఆయుర్దాయము తక్కువ. ‘స్మృతిచిత్రే’ మూలము నుండి నేరుగా, ఆమె ఇంటిభాషకు దీటైన ఇంటిభాషలో తెలుగున చదువబడినచో, ఆ వ్రాతకు అది ఒక దారి చూపగలదు.

విశ్వాసము సాహిత్యమునకు మేలు చేయునా, కీడు చేయునా అను ప్రశ్నతో మనము మొదలిడితిమి. ఈ పుస్తకము దానికి సమాధానము చెప్పక ప్రశ్ననే మార్చివేసినది. విశ్వాసము రచయిత చేతిలో ఉన్నదా, కంటిలో ఉన్నదా అని అడుగుమన్నది. చేతిలో ఉన్నచో అది పాఠకునిపైకి ఎత్తబడును. కంటిలో ఉన్నచో దానిని మనము చూడము. దానిచేత ఆమె చూచిన మనుష్యులను చూతుము. లక్ష్మీబాయి పుస్తకమును మూసిన పిదప మన ఎదుట నిలుచునది సిద్ధాంతము కాదు. ఉప్పును కడుగుచున్న ఒక ఇల్లు. ఉత్తరము కొరకు ఎదురుచూచుచున్న ఒక తల్లి. ఎవరు వచ్చినను తెరచియుండు ఒక తలుపు. ఆ తలుపు వరకు నడచివచ్చుటకు ఆమెకు ముప్పది రెండేండ్లు పట్టినవి.